చలికి తట్టుకునే పొట్టి వాల్‌నట్ చెట్టు: షికాగో దగ్గర పెరట్లో పెట్టొచ్చా?

నేపర్‌విల్_పెరడు:

అందరికీ నమస్కారం. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఉంటాం. ఈమధ్యే ఇల్లు కొన్నాం, వెనక సుమారు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు పెరడు ఉంది, ఎండకి లోటు లేదు. మా ఇంట్లో అక్రోట్లు, అదే వాల్‌నట్స్, బాగా తింటాం, పిల్లలకి రోజూ పొద్దున్నే నానబెట్టి ఇస్తాం. కొట్లో కొన్నవి చాలాసార్లు చేదెక్కి, పాత నూనె వాసన వస్తున్నాయి, అందుకే ఒక చెట్టు మనమే పెట్టుకుంటే బాగుంటుంది అనిపించింది.

ఆన్‌లైన్‌లో ఒక నర్సరీవాళ్లు 'కోల్డ్ హార్డీ డ్వార్ఫ్ వాల్‌నట్' అని అమ్ముతున్నారు. పది అడుగులకి మించదట, మైనస్ 20 ఫారన్‌హీట్ దాకా తట్టుకుంటుందట, రెండో ఏడే కాపు వస్తుందట. ఫొటోలో కుండీలో ఉన్న మొక్కకే గుత్తులు గుత్తులుగా కాయలు ఉన్నాయి. రకం పేరు మాత్రం ఎక్కడా రాయలేదు. ఇది నమ్మొచ్చా? నిజంగా పొట్టి వాల్‌నట్ అనేది ఉందా? ఒక చెట్టు చాలా, రెండు పెట్టాలా? కొట్లో దొరికే అక్రోట్ కాయ గానీ, ఇండియా నుంచి వచ్చేవాళ్లతో తెప్పించిన కాశ్మీర్ కాయ గానీ నాటితే మొలుస్తుందా?

ఇంకో సంగతి. ఎండాకాలంలో మా అమ్మ వచ్చి ఉంటుంది, కంచె పొడుగునా వంగ, టమాటా, మిరప, గోంగూర, బీర పెడుతుంది. వాల్‌నట్ పెడితే వాటికి ఇబ్బంది అని ఎవరో అన్నారు. పక్కింటివాళ్ల పెరట్లో కూడా కంచెకి ఆనుకుని పెద్ద చెట్టు ఒకటి ఉంది, అక్టోబర్‌లో నిమ్మకాయ కన్నా పెద్దవి గుండ్రటి పచ్చటి కాయలు మా వైపు పడుతుంటాయి. అది ఏ చెట్టో తెలియదు.

మిసిసాగా_తోట:

రకం పేరు రాయని మొక్కని కొనొద్దండీ. మిగతావన్నీ తర్వాత.

ఆపిల్‌కి ఎం9 లాంటి వేరుమూలాలు ఉన్నాయి, వాటి మీద ఏ రకం అంటు కట్టినా చెట్టు పొట్టిగానే ఉంటుంది. వాల్‌నట్‌కి అలాంటిది నర్సరీల్లో మామూలుగా దొరకదు. అందుకని 'డ్వార్ఫ్' అని అమ్మేది చాలావరకు తొందరగా కాపుకొచ్చే రకమో, లేదంటే ఉత్త గింజ మొక్కో అయ్యుంటుంది. తొందరగా కాస్తే చెట్టు బలం కాయల్లోకి పోయి కాస్త నెమ్మదిగా పెరుగుతుంది, అంతేగానీ పది అడుగుల దగ్గర ఆగిపోదు. మామూలు వాల్‌నట్ వదిలేస్తే 40 నుంచి 60 అడుగుల దాకా పోయే చెట్టు, అడ్డంగా కూడా దాదాపు అంత విస్తరిస్తుంది. దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది కాబట్టి కుండీలో ఎక్కువకాలం బతకదు, ఆ ఫొటో చూసి ఆశపడకండి.

మన చలికి అసలైన మాట కార్పేథియన్ వాల్‌నట్. మనం తినే అక్రోట్ జాతే ఇది, కాకపోతే తూర్పు యూరప్‌లోని కార్పేథియన్ కొండల చలిలో తరతరాలుగా నిలబడిన చెట్ల సంతానం. 1920, 30లలో పాల్ క్రాత్ అనే చర్చి పాదిరి అక్కడి నుంచి గింజలు, అంటుపుల్లలు టొరంటోకి తెచ్చి పంచాడు, ఉత్తర అమెరికాలో చలి ప్రాంతాలవాళ్లు ఇవాళ పెంచుకునే చెట్లలో చాలావాటి మూలం ఆ గింజలే. మా వీధి చివర ఇంట్లో ఉన్న చెట్టు అదే జాతి. ఇక్కడి చలికాలాలన్నీ తట్టుకుంది.

అయితే చలికి తట్టుకోవడం అన్నప్పుడు జనవరి చలి వేరు, మే నెల చలి వేరు. ఆకు రాల్చి నిద్రలో ఉన్న చెట్టు మైనస్ 25 సెల్సియస్‌కి కూడా చెక్కుచెదరదు. అదే చెట్టు ఏప్రిల్ చివర చిగురేశాక ఒక్క రాత్రి మైనస్ 2కి పడిపోతే, పొద్దున్నకి చిగుళ్లన్నీ నల్లగా మాడి వేలాడతాయి. ఆడపూలు ఆ కొత్త చిగురు కొసనే వస్తాయి, కాబట్టి ఆ ఏటి కాపు పోయినట్టే. చెట్టు చావదు, పక్క మొగ్గల నుంచి మళ్లీ చిగురిస్తుంది, కానీ కాయలుండవు. నర్సరీ పేజీలో రాసే మైనస్ 20 అంకె మీకు ఈ సంగతి చెప్పదు. ఆలస్యంగా చిగురించే రకమేనా అని అడగండి, అంటు మొక్కే తీసుకోండి. గింజ మొక్క కాపుకి ఎనిమిది పదేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది, అంటు మొక్కయితే నాలుగైదేళ్లకి కాయలు చూస్తారు.

ఒక్క చెట్టు కూడా కాస్తుంది, కానీ మగపూల పుప్పొడి రాలే రోజులు, ఆడపూలు విచ్చుకునే రోజులు చాలా రకాల్లో కలవవు. గాలితోనే పరాగసంపర్కం కాబట్టి దగ్గర్లో వేరే రకం ఉంటే కాపు బాగుంటుంది. మీ పెరడుకి రెండు చెట్లు పట్టవు, ఆ సంగతి కూడా ఆలోచించుకోండి.

కొట్టు కాయ నాటడం దండగ. అమెరికాలో అమ్మే వాల్‌నట్స్ దాదాపు అన్నీ కాలిఫోర్నియావి, అక్కడ ఎక్కువగా పెంచేది 1979లో డేవిస్ యూనివర్సిటీవాళ్లు విడుదల చేసిన చాండ్లర్. మొలిచినా దాని పిల్ల మొక్కలు మీ చలికి ఆగుతాయన్న భరోసా లేదు. ఇండియా నుంచి గింజ తేవడానికి పర్మిట్, తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లాంటివి కావాలి, బంధువుల సూట్‌కేసులో పెట్టించి వాళ్లని ఎయిర్‌పోర్ట్‌లో టెన్షన్ పెట్టకండి.

లీడ్స్_నుంచి:

పొట్టి రకాలు అసలు లేవని కాదండి. ఇక్కడ యూరప్ నర్సరీల్లో 'యూరోపా' అని ఒక పొట్టి రకం అమ్ముతారు, చిన్న పెరళ్ల కోసమే అది. బ్రిటన్‌లో ఇళ్లల్లో ఎక్కువగా పెట్టుకునేది 'బ్రాడ్‌వ్యూ', అది పుట్టింది మీ పక్కనే కెనడాలో, బ్రిటిష్ కొలంబియాలో. అంటు మొక్క పెడితే తొందరగానే కాపుకొస్తుంది, మిగతా వాల్‌నట్ల కన్నా చిన్నగా ఉంటుంది, అయినా చెట్టు చెట్టే. మాకు మీ అంత చలి ఉండదు, కాబట్టి ఇక్కడివాళ్ల అనుభవం చూసి అక్కడ కొనకండి. అమెరికాలోనే అంటుకట్టి అమ్ముతున్న మొక్క దొరికితేనే తీసుకోండి.

కత్తిరింపు గురించి ఒక్క మాట. చాలా చెట్లని చలికాలం చివర్లో కొడతాం కదా, వాల్‌నట్‌ని అప్పుడు కొడితే కోసిన చోటు నుంచి రసం రోజుల తరబడి ధారగా కారుతూనే ఉంటుంది. జులై, ఆగస్టులో కొట్టాలి. ఎత్తు పెరగకుండా ఏటా పై కొమ్మ తీసేస్తూ పోవచ్చు, కానీ కాపు ఎక్కువగా కొమ్మ కొసల్లోనే వచ్చే రకమైతే మీరు కత్తిరించేది కాయల్నే. పక్క మొగ్గల్లో కూడా కాసే రకమైతే ఆ బాధ తక్కువ.

ఒహాయో_వంటింటి_తోట:

మీ పోస్ట్‌లో నన్ను ఆపిన మాట పక్కింటి చెట్టు. గుండ్రటి పచ్చటి కాయలు, అక్టోబర్, ఇల్లినాయ్. అది నల్ల వాల్‌నట్ అయ్యుంటుంది, ఇక్కడి అడవి చెట్టు. ఆకు చూసి తేల్చుకోండి. ఒక ఈనెకి అటూ ఇటూ కలిపి 15 నుంచి 23 చిన్నాకులు, అంచు రంపం పళ్లలా ఉంటే నల్ల వాల్‌నట్. మనం తినే అక్రోట్‌కయితే ఐదు నుంచి తొమ్మిదే, అంచు నున్నగా ఉంటుంది. రాలిన కాయ తొక్క వలిచి చూస్తే చేతికి అంటిన మరక రోజుల తరబడి పోదు, గ్లవ్స్ వేసుకోండి.

ఈ చెట్టు వేళ్లలో, తొక్కలో, ఆకుల్లో జగ్లోన్ అనే పదార్థం ఉంటుంది. దానికి ముందు దెబ్బతినేది టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, అంటే మన వంటింటికి కావలసిన కుటుంబం మొత్తం. మా ఇంట్లో కంచె అవతల అదే చెట్టు ఉంది. టమాటా మొక్క మోకాలెత్తు దాకా బ్రహ్మాండంగా వస్తుంది, పూత కూడా పూస్తుంది, జూన్ చివర్లో ఒక మధ్యాహ్నం తలలు వాల్చేస్తుంది. నీళ్లు పోస్తే సాయంత్రానికి కాస్త తేరుకున్నట్టు ఉంటుంది, మర్నాడు మళ్లీ అంతే, వారం తిరక్కుండా మొక్క నిలువునా ఎండిపోతుంది. కాండం అడ్డంగా కోసి చూస్తే లోపల గోధుమ రంగు కనిపిస్తుంది. తెగులుకి కూడా ఇలాగే ఉంటుంది కాబట్టి ఒక్క మొక్క చూసి తేల్చేయకూడదు, కానీ చెట్టుకి దగ్గరున్నవి పోయి దూరంగా ఉన్నవి బాగుంటే అనుమానం అటే పోతుంది. పొలాల్లో దీని ప్రభావం చెప్పుకునేంత ఉంటుందా అని శాస్త్రజ్ఞుల్లో వాదన ఉన్న మాట నిజమే. నా వంకాయలు నేను ఆ వాదన మీద వదిలిపెట్టను.

పెద్ద చెట్టు మొదలు నుంచి 50, 60 అడుగుల దాకా ఈ మొక్కలు పెట్టొద్దంటారు. మీ పెరడు 60 అడుగులే. బీర, సొర, గుమ్మడి జాతి, బీన్స్, మొక్కజొన్న, ఉల్లి, క్యారెట్ ఆ కంచె పక్కన పెట్టొచ్చు. వంగ, టమాటా, మిరప ఇంటి గోడ వైపు పెద్ద కుండీల్లోకి మార్చండి, కుండీల మట్టిలో ఆ చెట్టు ఆకులు గానీ చెక్క ముక్కలు గానీ కలవనివ్వకండి. ఆ ఆకుల్ని కంపోస్ట్‌లో కూడా వెయ్యొద్దు.

అక్రోట్‌లో జగ్లోన్ తక్కువే. అయితే ఇక్కడ అంటు మొక్కల్ని చాలాసార్లు నల్ల వాల్‌నట్ వేరు మీదే కడతారు. పైన ఏ రకమైనా, మట్టిలో ఉండేది ఆ వేరే. కొనేముందు వేరుమూలం ఏంటని కూడా అడగండి.

నేపర్‌విల్_పెరడు:

ఇప్పుడే వెళ్లి ఆకు చూశాను, ఒక ఈనెకి 19 ఉన్నాయి, అంచు రంపమే. పోయిన ఏడు అమ్మ ఆ కంచె పక్కన వేసిన టమాటాలన్నీ మీరు చెప్పినట్టే పోయాయి, ఇంటికి ఆనుకుని ఉన్న డెక్ (చెక్క అరుగు) పక్కన వేసినవి మాత్రం విరగకాశాయి. అమ్మ పాపం మట్టి మంచిది కాదని బాధపడింది. ఈ సంగతి తెలిసినందుకే చాలా థ్యాంక్సండీ.

మరి పది అడుగుల లోపు ఉండి, చలికి తట్టుకుని, పిల్లలు కోసుకునేలా కాసే గింజ చెట్టు ఇంకేదైనా ఉందా? వాల్‌నట్ ఆశ పూర్తిగా వదులుకోలేదు, కానీ అమ్మ కూరగాయల తర్వాతే ఏదైనా.

అరోరా_మట్టిచేతులు:

మీ పక్క ఊరే మాది. మీరు అడిగిన కొలతకి సరిగ్గా సరిపోయేది హేజల్‌నట్. పొదలా పెరుగుతుంది, ఎనిమిది నుంచి పన్నెండు అడుగులు, కత్తిరించి పదిలోపు ఉంచుకోవచ్చు, మూడు నాలుగేళ్లలో కాపు, జగ్లోన్ గొడవ అసలు లేదు. రెండు వేరువేరు రకాలు తప్పనిసరి, తన పుప్పొడితో తను కాయదు. మన వైపు ఈస్టర్న్ ఫిల్బర్ట్ బ్లైట్ అనే తెగులు కొమ్మల్ని వరసగా ఎండబెట్టేస్తుంది, దాన్ని తట్టుకునే రకాలే కొనండి. న్యూజెర్సీలో రట్గర్స్ యూనివర్సిటీవాళ్లు ఏళ్ల తరబడి దీనిమీదే పనిచేసి 2020లో రారిటన్, సోమర్‌సెట్ లాంటి రకాలు వదిలారు. అమెరికన్ హేజల్ కలిసిన హైబ్రిడ్‌లు ఇంకా ఎక్కువ చలికి ఆగుతాయి, కాయ చిన్నది. మార్చిలో మంచు కరుగుతుండగానే మొగ్గ కొసన సన్నటి ఎర్రటి దారాలు కనిపిస్తాయి, అవే ఆడపూలు. చాలామంది అవి పూలని గుర్తే పట్టరు, పిల్లలకి చూపించండి.

వాల్‌నట్ పెట్టాలనే ఉంటే డెక్‌కీ, పునాదికీ దూరంగా ఒక్క కార్పేథియన్ అంటు మొక్క పెట్టి, కత్తిరిస్తూ ఉన్నా 25, 30 అడుగుల చెట్టుకి సిద్ధపడండి. ఏ ప్రాంతంలో ఎంత చలి పడుతుందో చెప్పే ప్రభుత్వ మ్యాప్‌లోని జోన్ అంకెని మరీ నమ్మొద్దు. 2023లో మార్చిన మ్యాప్‌లో మనల్ని కాస్త వెచ్చటి వైపు జరిపారు గానీ అది 1991 నుంచి 2020 వరకు ఏటా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతల సగటు. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 ఫారన్‌హీట్ పడింది, చెట్టు ఆ రాత్రిని కూడా దాటాలి.

మన నేల బంకమట్టి. గొయ్యిలో నీళ్లు నింపి చూడండి, మర్నాటికి కూడా ఇంకకపోతే అక్కడ వాల్‌నట్ పెట్టొద్దు, దీనికి వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే పడదు. తవ్వేముందు 811కి ఫోన్ చేయండి, డబ్బులేం అడగరు, కొద్దిరోజుల్లో వచ్చి గ్యాస్ లైన్‌కి పసుపు, కరెంటుకి ఎరుపు జెండాలు పాతి వెళ్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉంటే చెట్ల గురించి ఏమన్నా రూల్ ఉందేమో చూసుకోండి. మొదటి కొన్ని చలికాలాలు మొదలు చుట్టూ సన్న కన్నాల ఇనప వల కట్టాలి, మంచు కింద నుంచి ఎలుకజాతివి వచ్చి బెరడు చుట్టూ కొరికేస్తాయి.

నేపర్‌విల్_పెరడు:

హేజల్‌నట్‌లు రెండు ఖాయం, కంచె దగ్గర బీర, బీన్స్, వంగ డెక్ వైపు. ఒక కార్పేథియన్ పెట్టి చూడాలని మాత్రం ఉంది. మిసిసాగా గారూ, కాయ ఎప్పుడు కోయాలో ఎలా తెలుస్తుంది? ఉడతల సంగతేంటి?

మిసిసాగా_తోట:

పచ్చ తొక్క పగలడం మొదలైతే వచ్చినట్టే, సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్. అనుమానంగా ఉంటే ఒకటి పగలగొట్టండి. రెండు పప్పు బద్దల మధ్య పల్చటి పొర ఉంటుంది, అది ఇంకా తెల్లగా ఉంటే పచ్చి, గోధుమ రంగుకి తిరిగితే కోతకి వచ్చినట్టు. అప్పుడే కోసిన పప్పు మీద పల్చటి తొక్క చేత్తో ఊడొస్తుంది, లోపల తెల్లగా, చేదు అన్నదే లేకుండా ఉంటుంది, ఆ రుచి కొట్లో దొరకదు. వెంటనే తొక్క తీసి, కడిగి, నీడలో గాలి తగిలేచోట రెండు మూడు వారాలు ఆరబెట్టాలి. తొక్కతోనే కుప్ప పోస్తే పప్పు నల్లబడుతుంది.

ఉడతలు తొక్క పగిలేదాకా ఆగవు, పచ్చివే పట్టుకుపోతాయి. చెట్టు ఒంటరిగా ఉండి పక్కన దూకడానికి కంచె, కొమ్మ లేకపోతే మొదలు చుట్టూ రెండడుగుల వెడల్పు నున్నటి రేకు నేల నుంచి ఐదారడుగుల పైన చుట్టండి, పైకి ఎక్కలేవు. చెట్టు లావెక్కే కొద్దీ ఏటా దాన్ని వదులు చేయాలి. అందుకని నాటేటప్పుడే పక్కింటి చెట్టు కొమ్మలకీ, కంచెకీ పది పన్నెండు అడుగుల ఎడం చూసుకోండి.