క్రానిక్ ఫెటీగ్‌కు ఇన్ని మాత్రలా? ఏవి ఉంచుకోవాలి, ఏవి మానేయాలి?

లెక్కల టీచర్, ఖమ్మం:
అందరికీ నమస్కారం. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో పనిచేస్తాను. 2023 వానాకాలంలో డెంగీ వచ్చింది. జ్వరం పోయింది, ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఒంట్లో సత్తువ మాత్రం తిరిగి రాలేదు. ఆదివారం ఇల్లు దులిపితే ఆ రోజు బాగానే ఉంటాను. మంగళవారానికి మంచం దిగలేను. రాత్రంతా పడుకున్నా నిద్రపోయినట్టే ఉండదు. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా తర్వాతి మెట్టు తట్టదు, పిల్లలు నా మొహం చూస్తూ ఉంటారు. హైదరాబాద్‌లో డాక్టరుగారు అన్నీ పరీక్షించి క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్, అంటే ఎంతకాలమైనా వదలని నీరసం జబ్బు, అని రాశారు.

ఇప్పుడు వేసుకుంటున్నవి: బీకాంప్లెక్స్, మిథైల్‌కోబాలమిన్ (బీ12) 1500, వారానికోసారి డి3 60 వేల యూనిట్లు (ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు), మెగ్నీషియం, జుట్టు రాలుతోందని బయోటిన్, ఆడపడుచు అమెరికా నుంచి పంపిన కోక్యూ10, అత్తయ్యగారు తెప్పించిన అశ్వగంధ. వీటితోపాటు పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర. మేం శాకాహారులం. నెలకు నాలుగు వేలు దాటుతోంది, తేడా ఏమీ తెలియడం లేదు. దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

రాజమండ్రి శ్రీను:
అక్కా, మా చిన్నమ్మకూ ఇలాగే ఉండేది. బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరాలు, పొద్దున్నే గంట నడక. మూడు నెలల్లో మామూలు మనిషి అయింది. మాత్రలన్నీ పక్కన పెట్టి నడక మొదలుపెట్టండి.

తెనాలి అమ్మాయి, లెస్టర్:
శ్రీనుగారూ, మీ చిన్నమ్మగారికి తగ్గినందుకు సంతోషం. కానీ ఈవిడకు ఆ గంట నడక చెప్పకండి, దయచేసి.

టీచర్‌గారూ, నేను ఇంగ్లండ్‌లో నర్సుగా చేసేదాన్ని. ఈ జబ్బు వల్లే ఉద్యోగం వదులుకున్నాను. ఆదివారం పని చేస్తే మంగళవారం పడిపోతున్నానని రాశారు చూడండి, మీ రిపోర్టులన్నిటికన్నా ముఖ్యమైన మాట అదే. శ్రమపడిన రోజు కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి కుప్పకూలడం ఈ జబ్బు అసలు గుర్తు. ఇక్కడ నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2021 అక్టోబరులో మార్గదర్శకాలను తిరగరాసి, వ్యాయామాన్ని అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వొద్దని చెప్పింది. ఈ జబ్బును నయం చేయడానికి గానీ, లక్షణాలు తగ్గించడానికి గానీ విటమిన్లు, ఖనిజాలు మామూలుగా వాడేంత ఆధారం లేదని కూడా అందులోనే ఉంది.

అలాగని అన్నీ చెత్తబుట్టలో వేయమనడం లేదు. లోటు వేరు, ఈ జబ్బు వేరు. లోటు ఉంటే పూడ్చుకోవాల్సిందే, ఎందుకంటే అది మీ నీరసం మీద ఇంకో నీరసం పెడుతుంది. శాకాహారులకు బీ12 తగ్గడం చాలా మామూలు. పరీక్షలో తక్కువని తేలి ఉంటే ఆ మాత్ర ఆపకండి. డి విటమిన్ ఎముకలకు, కండరాలకు కావాలి, ఇంట్లోనే ఉండిపోయేవాళ్లకు మరీ. కానీ దానితో ఈ జబ్బు నీరసం తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. స్కాట్లండ్‌లోని డండీలో 50 మంది రోగుల మీద పరీక్షించారు. సగం మందికి రెండు నెలలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చారు, ఆరు నెలలకు కూడా నీరసంలో తేడా రాలేదు. 2015లో ఆ ఫలితం వచ్చింది.

మెగ్నీషియం పేరు 1991లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న అధ్యయనంతో మొదలైంది. 15 మందికి వారం వారం ఇంజెక్షన్ ఇస్తే 12 మందికి బాగుందన్నారు. తర్వాత వేరేవాళ్లు చూస్తే ఈ రోగుల్లో మెగ్నీషియం తక్కువగా లేదని తేలింది. పైగా అది ఇంజెక్షన్, మీరు మింగేది మాత్ర. కోక్యూ10 విషయంలో స్పెయిన్‌వాళ్లు దాన్ని ఎన్ఏడీహెచ్ అనే ఇంకో సప్లిమెంటుతో కలిపి ఇచ్చి కొంత మెరుగుదల చూశారు. నయమైందని మాత్రం వాళ్లూ అనలేదు. ఆడపడుచు పంపింది అయిపోయేదాకా వాడుకోండి, డబ్బు పెట్టి మళ్లీ కొనకండి అంటాను నేను.

ఆ నాలుగు వేలలో కొంత పెట్టి క్లాసులోకి ఎత్తు కుర్చీ ఒకటి కొనుక్కోండి. కూర్చుని పాఠం చెప్పండి. పదో తరగతివాళ్ల పీరియడ్ మీకు తల బాగా పనిచేసే వేళకు మార్చమని హెచ్చెమ్‌ను అడగండి. ఆదివారం ఒక్క గది చాలు, ఒంట్లో ఇంకా ఓపిక ఉన్నట్టు అనిపించినా ఆపేయండి. నిలబడితే కళ్లు తిరుగుతుంటే పడుకుని ఒకసారి, లేచి నిలబడ్డాక పది నిమిషాలలోపు ఇంకోసారి నాడి లెక్కపెట్టండి. నిలబడ్డాక నాడి నిమిషానికి 30 కన్నా ఎక్కువ పెరుగుతుంటే డాక్టరుగారికి చెప్పండి. దానికి చేయదగ్గవి ఉన్నాయి.

మందుల షాపు, హన్మకొండ:
మేడమ్, ఫార్మసిస్టుగా నాలుగు మాటలు. డి3 60 వేలు మామూలుగా ఎనిమిది వారాల కోర్సు. తర్వాత పరీక్ష చేయించి, అవసరమైతే నెలకొకటి. ఏళ్ల తరబడి వారం వారం వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. విపరీతమైన దాహం, వాంతులు, మలబద్ధకం ఉంటే వెంటనే చూపించుకోండి.

బయోటిన్ వేసుకుంటూ థైరాయిడ్ పరీక్ష చేయిస్తే రిపోర్టు తప్పుగా రావచ్చు. కనీసం రెండు రోజుల ముందు ఆపండి, ల్యాబ్‌లోనూ చెప్పండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచవచ్చు, కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర వాడే మీకు అది వద్దనే చెప్తాను, అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. మీ స్ట్రిప్పులన్నీ తిప్పి పైరిడాక్సిన్ ఎంతుందో కూడండి. అది బీ6. యూరప్‌లో 2023లో పెద్దవాళ్లకు రోజుకు 12 మి.గ్రా. గరిష్ఠ పరిమితిగా పెట్టారు. ఎక్కువ మోతాదు ఎక్కువ కాలం వాడితే కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కుతాయి. అది జబ్బు వల్లే అనుకుని ఇంకో బీకాంప్లెక్స్ కొనుక్కునేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

లెక్కల టీచర్, ఖమ్మం:
అందరికీ ధన్యవాదాలు. కూడి చూశాను, పైరిడాక్సిన్ ఆ పరిమితి దాటుతోంది. అరికాళ్లలో తిమ్మిరి ఉంది కూడా, డాక్టరుగారికి ఈ వారమే చూపిస్తాను. ఇంకో సందేహం. హిమోగ్లోబిన్ 12.3, నార్మల్ అన్నారు. ఐరన్ గురించి ఇంక చూడక్కర్లేదా?

తెనాలి అమ్మాయి, లెస్టర్:
చూడాలి. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఐరన్ నిల్వ అడుగంటి ఉండొచ్చు, నెలసరి ఎక్కువయ్యేవాళ్లకు ముఖ్యంగా. ఆ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష అడగండి. ఫ్రాన్స్‌లో రక్తహీనత లేకుండా నీరసంగా ఉన్న, ఫెరిటిన్ 50 కంటే తక్కువున్న ఆడవాళ్లకు 12 వారాలు ఐరన్ ఇస్తే నీరసం సుమారు సగం తగ్గింది. మందు లేని మాత్ర ఇచ్చినవాళ్లకు అంత తగ్గలేదు. వాళ్లవి క్రానిక్ ఫెటీగ్ కేసులు కావు, అయినా మీకు లోటు ఉంటే పూడ్చడం మంచిదే. ఫెరిటిన్ చూడకుండా ఐరన్ మొదలుపెట్టకండి. డాక్టరుగారు రాస్తే టీ, పాలతో కాకుండా వేసుకోండి, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉంచండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తాను.