వాటర్ హీటర్ మార్పించాలి, పర్మిట్ నా పేరున తీసుకోవచ్చా?

మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాం. గరాజ్‌లోని 50 గ్యాలన్ల గ్యాస్ వాటర్ హీటర్ అడుగంతా తుప్పు పట్టి కారుతోంది. తెలిసినవాళ్లు పంపిన మనిషి తక్కువకే మారుస్తానంటున్నాడు గానీ, సిటీ పర్మిట్ ఊసెత్తితే "అవన్నీ ఎవరు చూస్తారండీ" అని దాటేస్తున్నాడు. సీ-36 ప్లంబింగ్ లైసెన్స్ నంబర్ అడిగితే ఉలుకూ పలుకూ లేదు. 2025 నుంచి వెయ్యి డాలర్లలోపు పనికి లైసెన్స్ అక్కర్లేదట, నిజమే, కానీ పర్మిట్ కావాల్సిన పనికి ఆ మినహాయింపు వర్తించదు కదా!

ఓనర్-బిల్డర్‌గా, అంటే ఇంటి ఓనరే పని బాధ్యత తీసుకునే పద్ధతిలో, పర్మిట్ నేనే తీసుకుని ఇతనితో చేయిస్తే, రేపు గ్యాస్ లీకయినా, ఇతనికి దెబ్బ తగిలినా నా మెడకే చుట్టుకుంటుందా? ఇన్సూరెన్స్ వాళ్లేమంటారు? భూకంపం వస్తే హీటర్ పడిపోకుండా గోడకు బిగించే పట్టీలు పైనొకటి, కిందొకటి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ ఇంకేం చూస్తారు? ఈమధ్య మార్పించినవాళ్లు కాస్త చెప్పండి, టెన్షన్‌గా ఉంది.