కోవళంలో పాడిల్‌బోర్డు: కెరటం ఎవరి వంతు?

ప్రశ్న:
చెన్నైకి దక్షిణాన ఉన్న కోవళంలో నేను నిలబడి తెడ్డు వేసే పాడిల్‌బోర్డు వాడతాను. నిలబడి ఉండడం వల్ల వచ్చే కెరటం ముందే కనిపిస్తుంది, తెడ్డు వల్ల అది విరగకముందే అందుతుంది; చిన్న సర్ఫ్‌బోర్డులవారి వంతును లాక్కుంటున్నానేమోనని బాధగా ఉంది. ఎలా మెలగాలి?

జవాబు 1:
కెరటం విరిగే చోటుకు అందరికన్నా దగ్గరగా ఉన్నవారిదే అది అన్న నియమం మీకూ వర్తిస్తుందండి. అయితే మీరు దూరం నుంచే అందుకోగలరు కనుక, వంతు మీదే అయినా కొన్నింటిని వదిలేయడం న్యాయం.

జవాబు 2:
నాకు భద్రతే ముఖ్యం. 10 అడుగుల బోర్డు అదుపు తప్పితే వెనుకనున్నవారు గాయపడతారు, కాబట్టి బోర్డును కాలికి కలిపే తాడు తప్పనిసరిగా కట్టుకొని, సర్ఫర్ల మధ్య నుంచి కాక పక్కగా చుట్టి వెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. రేపటి నుంచి గుంపుకు దూరంగా నిలబడతాను.