నా కాలు విరిగింది, బాబు నిద్రపోవడం లేదు

తొమ్మిదేళ్ల మా బాబుకి నేనొక్కదాన్నే. పది రోజుల క్రితం మెట్ల మీద జారిపడి కాలు విరిగింది. నా ఫోన్ తీసి మా చెల్లికి చేసింది వాడే. ఇప్పుడు చెల్లి మాతోనే ఉంటోంది. అయినా వాడు రాత్రి రెండు మూడుసార్లు లేచి నా ఊపిరి చూస్తున్నాడు. నిన్న "నేను మెట్ల మీది బొమ్మలు తీయకపోవడం వల్లేనా అమ్మా పడ్డావు?" అన్నాడు. ఏం చెప్పాలి?

జవాబు 1:
నీ తప్పు కాదని నేరుగా చెప్పండి, అడిగిన ప్రతిసారీ. ఈ వయసు పిల్లలు చాలామంది తామే కారణమనుకుంటారు. ఎముక అతుక్కోవడానికి వారాలు పడుతుందని కూడా చెప్పండి. నిద్ర లేకపోవడం ఇలాగే కొనసాగితే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

జవాబు 2:
నాన్నకి యాక్సిడెంట్ అయినప్పుడు నాకు పదేళ్లు. అందరూ "ఏం కాలేదు" అనేవాళ్లు, నాకు అదే భయం. మా అత్త మాత్రం సాయంత్రం స్కూల్‌కి ఎవరు వస్తారో పొద్దున్నే చెప్పేది. ఆ ఒక్క మాటతో రోజంతా ధైర్యంగా ఉండేదాన్ని. టీచర్‌కి కూడా చెప్పండి.

అడిగినవారు:
రాత్రి చెప్పాను. "మరి పిన్ని ఎప్పటిదాకా ఉంటుంది?" అన్నాడు. "అమ్మ నడిచేదాకా" అంది చెల్లి. ఈ రోజు ఒక్కసారే లేచాడు.