గుమ్మటానికీ గుమ్మానికీ చుట్టరికం ఉందా?

ఉదయగిరి నుంచి:
సభ్యులకు నమస్కారం. మా ఊరి పాత రాతి మసీదుకు సున్నం కొడుతున్నారు. నిన్న అక్కడ మేస్త్రీకీ మా ఊరి మాష్టారికీ వాదన వచ్చింది. గుమ్మానికి పైన ఉండేది కాబట్టి గుమ్మటం అయిందని మాష్టారు. ‘గుమ్మం కాళ్ళకింద, గుమ్మటం నెత్తిమీద, రెంటికీ పొత్తేమిటండీ’ అని మేస్త్రీ. ఎవరిది సరి?

ఒంగోలు నుంచి:
మేస్త్రీదే. గుమ్మం మన ఇంటి మాట, గుమ్మటం ఫారసీ ఇంటి నుంచి వచ్చింది. అక్కడ దాని పేరు గుంబద్, గుంబజ్ అని కూడా అంటారు. మన నోట్లో పడ్డాక ‘ంబ’ నలిగి ‘మ్మ’ అయింది. పక్కనున్న కన్నడంలోనూ ఇదే జరిగింది. బిజాపురంలో 1656లో పూర్తయిన గోల్ గుంబజ్‌ను వాళ్ళు గోలగుమ్మట అంటారు. మాష్టారికి ఈ సంగతి కాస్త మెల్లగా చెప్పండి.
కమాను సంగతి ఇంకా బాగుంటుంది. ఫారసీలో కమాన్ అంటే విల్లు. వంగిన ద్వారం విల్లులా ఉంటుంది కనుక దానికి ఆ పేరు. ఫిడేలు తీగల మీద ఆడించే కమాను కూడా ఈ విల్లే.

కందుకూరు నుంచి:
మరి మసీదు? దాని అసలు రూపం మస్జిద్ కదా, మధ్యలో జకారం ఏమైంది సార్?

ఒంగోలు నుంచి:
జారిపోయింది తల్లీ. పోతూ పోతూ తన వెంట ఉన్న ఇకారానికి దీర్ఘం ఇచ్చి పోయింది. కన్నడంలో మసీది, మరాఠీలో మశీద్. అరబ్బీలో స-జ-ద అనే మూడు హల్లుల ధాతువుకు సాష్టాంగపడడమని అర్థం, సజ్దా అందులోదే. ముందున్న ‘మ’ చోటును చెబుతుంది. నిలిచే చోటు మకాం, దిగే చోటు మజిలీ, సజ్దా చేసే చోటు మసీదు. మకాం వేశామనీ మజిలీ చేశామనీ రోజూ అంటూనే ఉన్నాం, ఆ రెండూ మసీదుకు తోబుట్టువులని తెలియకుండా. నెల్లూరు దాటి దక్షిణానికి పోతే తమిళులు పళ్ళివాసల్ అంటారు, అది పూర్తిగా వేరే దారి.

కందుకూరు నుంచి:
అంటే మసీదులో మాటలన్నీ అరువేనా?

ఉదయగిరి నుంచి:
ఈ మాటకే ఇవాళ పొద్దున మళ్ళీ వెళ్ళి చూసి వచ్చానమ్మా. మా మసీదు మండపంలా ఉంటుంది. రాతి స్తంభాలు, వాటి మీద రాతి దూలాలు, దూలాల మీద పరిచిన బండలు. సున్నం పెచ్చు ఊడిన చోట ఒక దూలం అంచున వరసగా చిన్న గుంటలు కనిపించాయి, రాయిని చీల్చడానికి ఉలితో తొలిచినవి. గడప రాయి మధ్యలో అరిగి పళ్ళెంలా గుంట పడింది.
మేస్త్రీని ఒక్కొక్కటీ చూపించి పేరు అడిగాను. గడప, స్తంభం, దూలం, బండ, చూరు, అరుగు. ఇవన్నీ గుడి కట్టినా ఇల్లు కట్టినా అతని నోట్లో ఉండే మాటలే. కమాను, మినారు, మిహ్రాబు (నమాజుకు మక్కా దిక్కు చూపే గోడ గూడు) దగ్గరికి వచ్చేసరికి మాట మారింది. నాకు తోచింది ఇది: రాళ్ళు చెక్కే కాసెపనివాడు అంతకుముందే ఎరిగిన భాగానికి పాత పేరే నిలిచింది, కొత్తగా నేర్చుకున్న భాగం తన పేరు తానే తెచ్చుకుంది. దూలం వేసి కప్పడం మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు, రాళ్ళను విల్లులా వంచి నిలబెట్టడం తరువాత నేర్చుకున్న విద్య.

ఒంగోలు నుంచి:
బాగా పట్టుకున్నారు. ఒక్క సవరణ. స్తంభం సంస్కృతం, అదీ ఒకప్పటి అరువే. కాకపోతే చాలా పాత బాకీ కాబట్టి ఎవరూ అడగడం లేదు. మీ దుర్గం కొండ మీద రెండు మసీదులున్నాయి కదా, వాటిని ఏమంటారు?

ఉదయగిరి నుంచి:
చిన్న మసీదు, పెద్ద మసీదు. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం అది, తరువాత గోల్కొండ చేతికి పోయింది. చిన్న, పెద్ద అనేవి మాత్రం మనవే.
ఇంకొకటి. మసీదు వాకిలి తూర్పుకే ఉంది, గుడికి ఉన్నట్టే. మక్కా మనకు పడమర, కొంచెం ఉత్తరంగా. అందుకని మిహ్రాబు పడమటి గోడకు వచ్చింది.

కందుకూరు నుంచి:
వజూ చేసుకునే, అంటే నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కునే నీళ్ళ తొట్టిని ఉర్దూలో హౌజ్ అంటారట. మీ ఊళ్ళో?

ఉదయగిరి నుంచి:
మేస్త్రీని అడిగాను. ‘తొట్టిని తొట్టి అనక ఏమంటారు’ అన్నాడు.