ఒకే రక్తం, రెండు ట్యూబులు, వేర్వేరు టీ సెల్స్: నా ప్రాజెక్టు పోయినట్టేనా?

అరండల్‌పేట అమ్మాయి:
అందరికీ నమస్తే అండి. గుంటూరులో ఎమ్మెస్సీ బయోటెక్ రెండో ఏడాది. ప్రాజెక్టుకి టీ సెల్ రిసెప్టర్ బీటా చైన్ సీక్వెన్సింగ్ తీసుకున్నాను, అంటే రోగాలతో పోరాడే టీ సెల్స్ అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టే రిసెప్టర్‌లో బీటా అనే గొలుసు జీన్ వరస చదవడం. వాలంటీర్ ఒకరి దగ్గర 10 ఎంఎల్ రక్తం తీసి, లింఫోసైట్లు ఉండే పొర వేరు చేసి, సగం సగం రెండు ట్యూబుల్లో పెట్టాను. ఒక్కోదాంట్లోంచి సరిగ్గా 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏతో పీసీఆర్ చేసి (ఆ జీన్ ముక్కకి బోలెడు కాపీలు తీసి) సీక్వెన్సింగ్‌కి బయటికి పంపాం. నిన్న రాత్రి డేటా వచ్చింది. మొదటి ట్యూబులో 52 వేల రకాల వరసలు, రెండోదాంట్లో 49 వేలు, రెండింట్లోనూ కనిపించినవి 2,300 మాత్రమే! మనిషి ఒక్కరే, సిరంజి ఒక్కటే, రోజు ఒక్కటే. సోమవారం గైడ్ సార్‌కి చూపించాలి, మళ్లీ చేయడానికి డబ్బుల్లేవు. ట్యూబులు ఎక్కడైనా మారిపోయాయేమోనని నోట్‌బుక్ నాలుగుసార్లు తిరగేశాను. రాత్రంతా నిద్ర లేదు, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి ప్లీజ్.

పటమట పైపెట్:
ముందు టెన్షన్ మానేసి కాసేపు పడుకోమ్మా, ఇందులో నీ తప్పేమీ కనిపించట్లేదు.

లెక్క చూడు. మనిషి కణం ఒక్కోదాంట్లో డీఎన్‌ఏ సుమారు 6.6 పికోగ్రాములు, అంటే నీ 1 మైక్రోగ్రాములో ఉన్నది లక్షన్నర కణాలు. అందులో టీ సెల్స్ ఏ 90 వేలో అనుకుందాం. ఒంట్లో మొత్తం టీ సెల్స్ దాదాపు 40 వేల కోట్లు. మీ ఊరి మిర్చి యార్డులో లక్ష టిక్కీలు (బస్తాలు) దిగిన రోజున నువ్వు వెళ్లి కళ్లు మూసుకుని రెండు చోట్ల రెండు పిడికిళ్లు తీశావనుకో. తేజ కాయ ఎక్కువ వచ్చిన రోజైతే రెండు పిడికిళ్లలోనూ తేజ ఉంటుంది. ఎవరో ఒక రైతు ఒకే ఒక్క టిక్కీ తెచ్చిన రకం మాత్రం రెండు చేతుల్లోకీ రావడం కష్టం. రాలేదని ఆ రకం యార్డులో లేదని అనలేం కదా.

ఇక్కడ రకాలు కూడా మామూలుగా లేవు. వీ, డీ, జే అని జీన్ ముక్కలు ఉంటాయి, ఒక్కో కణం ఛాతీలో ఉండే థైమస్ గ్రంథిలో తన ముక్కలు తను ఏరుకుని అతికించుకుంటుంది. రాగ్ ఎంజైములు కోస్తాయి, అతుకు దగ్గర టీడీటీ అనే ఎంజైము ఏ అచ్చూ చూసుకోకుండా తనకు తోచిన అక్షరాలు చేరుస్తుంది. ఆ అతుకే నువ్వు చదివిన సీడీఆర్3. జీన్లు ఇలా ముక్కలు మారి అతుక్కుంటాయని 1976లో యాంటీబాడీలు తయారుచేసే బీ సెల్స్ జీన్లలో చూపించినందుకే జపాన్ శాస్త్రవేత్త టోనెగావాకి 1987లో నోబెల్ వచ్చింది. ఒక మనిషి రక్తంలో బీటా చైన్లే పది లక్షల రకాల దాకా ఉంటాయని 1999లో లెక్కగట్టారు, తర్వాతి లెక్కలు కోట్లలోకి వెళ్లాయి. నువ్వు చూసింది 52 వేలు.

ఒక్కటి చెప్పు, బాగా ఎక్కువగా ఉన్న మొదటి 20 క్లోన్లు (ఒకే కణం నుంచి పుట్టి ఒకే వరస ఉన్న కణాల గుంపులు) పోల్చి చూశావా?

అరండల్‌పేట అమ్మాయి:
ఇప్పుడే చూశాను సార్. 20లో 19 రెండింట్లోనూ ఉన్నాయి! మొదటిది ఒకదాంట్లో 1.8 శాతం, ఇంకోదాంట్లో 1.7. ఇది నిన్ననే చూసుంటే ఇంత ఏడ్చేదాన్ని కాదు.

గుణదల డేటా:
పైన చెప్పింది నిజమే, నేనూ ఒప్పుకుంటాను, కానీ 52 వేలూ నిజమైనవేనా అన్నది కూడా చూడండి. పెద్ద క్లోన్‌కి ఒకే ఒక్క అక్షరం తేడాతో, ఒకటి రెండు రీడ్స్ మాత్రమే ఉన్న (మెషిన్ ఒకటి రెండుసార్లే చదివిన) వరసలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అవి చాలావరకు పీసీఆర్, సీక్వెన్సింగ్ తప్పుల వల్ల పుట్టిన పిల్లలు. పైపెట్ గారన్న ఆ 90 వేల కణాల కంటే రకాలు ఎక్కువొచ్చి ఉంటే మొత్తం అనుమానించాల్సిందే, మీకు తక్కువే వచ్చాయి కాబట్టి పర్లేదు. రెండు ట్యూబుల లైబ్రరీలూ (సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసిన డీఎన్‌ఏ) మెషిన్‌లో ఒకే రన్‌లో నడిపితే ఒకదాని రీడ్స్ కొన్ని ఇంకోదాని ఖాతాలో పడే అవకాశం ఉంది, అప్పుడు ఆ 2,300లోనూ కొన్ని దొంగవి ఉండొచ్చు. పోల్చే ముందు రెండింటినీ సమానమైన రీడ్స్‌కి తగ్గించి, ఎన్ని రకాలు కలిశాయని కాకుండా మొరిసిటా-హార్న్ లాంటి, క్లోన్ పరిమాణాన్ని కూడా లెక్కలోకి తీసుకునే కొలత వాడండి. మీ డేటాకి అది ఒకటికి దగ్గరగా రావాలి.

డీఎన్‌ఏ నుంచి చేయడం మంచి పనే. ఆర్‌ఎన్‌ఏ అయితే ఒక్కో కణం ఎన్ని కాపీలు రాస్తుందో దాన్నిబట్టి లెక్క పెరిగిపోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, రిసెప్టర్‌లో రెండో గొలుసు ఆల్ఫా, ఏ బీటాకి ఏ ఆల్ఫా జతో ఈ పద్ధతిలో తెలియదు, దానికి ఒక్కో కణాన్నీ విడిగా చదివే సింగిల్ సెల్ చేయాల్సిందే. అందుకని ఫలానా క్లోన్ ఫలానా వైరస్‌ని గుర్తుపడుతుందని థీసిస్‌లో గట్టిగా రాసేయకండి.

మంగళగిరి మగ్గం:
నేను సైన్స్ చదవలేదు, కానీ ఈ సంగతి మా ఇంట్లో అనుభవించాం కాబట్టి రాస్తున్నా. మా అమ్మకి మైలోమా, అంటే ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్. అదీ ఒకే ఒక్క బీ సెల్ వంశం పిచ్చిగా పెరిగిపోవడమే, కాబట్టి ఆ ఒక్కదాని వరస తెలిస్తే ట్రీట్‌మెంట్ తర్వాత మిగిలిందా లేదా అని వెతకొచ్చు. ఇలా చేసే ఒక పరీక్షకి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతిచ్చిందని డాక్టరు గారు చెప్పారు. తీరా చూస్తే, మొదట జబ్బు బయటపడినప్పుడు తీసిన మజ్జని అప్పటి ఆస్పత్రిలో దాచలేదు. అమ్మ ఫైలు అడుగున దూదిలో చుట్టిన గాజు స్లైడ్ ఒకటి దొరికింది, దాని మీద గోరంత ఎండిన మరక. ఆ మరకలోంచే అమ్మ క్లోన్ వరస దొరికింది. నాకు చేతులు వణికాయి.

ఆ పరీక్ష పది లక్షల్లో ఒక్క కణాన్ని పట్టుకుంటుందన్నారు. ట్రీట్‌మెంట్ తర్వాత మొదటిసారి చేసినప్పుడు ఎన్ని కణాలు చూశారని అడిగితే, మజ్జ నీళ్లగా వచ్చి డీఎన్‌ఏ చాలా తక్కువ దొరికిందట, మూడు లక్షలే చూశారట. మూడు లక్షలు చూసి పది లక్షల్లో ఒకటి లేదని ఎలా చెప్తారండీ? రెండోసారి ముందే బతిమాలుకున్నాం, సిరంజిలోకి లాగిన మొదటి మజ్జే ఈ పరీక్షకి ఇవ్వండని, తర్వాత లాగేదాంట్లో రక్తం ఎక్కువ కలుస్తుందని. అమ్మాయీ, నువ్వు ఏ రిపోర్టు రాసినా ఎన్ని కణాలు చూశావో పైనే రాయమ్మా. మా లాంటివాళ్లం వెతికేది ఆ అంకె కోసమే.

పటమట పైపెట్:
మంగళగిరి గారూ, సరిగ్గా అడిగారు. పది లక్షల్లో ఒకటి ఉందో లేదో నమ్మకంగా చెప్పాలంటే కనీసం 30 లక్షల కణాలు, అంటే 20 మైక్రోగ్రాముల డీఎన్‌ఏ కావాలి. పైగా బీ సెల్స్‌లో అతుకు పడ్డాక కూడా అక్షరాలు మారుతుంటాయి, మైలోమాలో మరీనూ, ఒక్కోసారి ప్రైమర్ (పీసీఆర్‌ని మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) అతుక్కోక వరసే దొరకదు. ఆ మరకలో దొరకడం చాలా మంచిదయింది.

అరండల్‌పేట అమ్మాయి:
మొదటి స్లైడు మార్చేశానండి. రకాల సంఖ్య కిందికి దించి, పైన "చూసిన టీ సెల్స్: ట్యూబుకి సుమారు 90 వేలు" అని పెద్దక్షరాల్లో పెట్టాను. ఒక్క అక్షరం తేడా ఉన్నవి తీసేస్తే 52 వేలు కాస్తా 50 వేల చిల్లరకి దిగాయి, మొరిసిటా-హార్న్ కొలత 0.96 వచ్చింది. మంగళగిరి ఆంటీ, అమ్మమ్మ గారికి రెండోసారి చేసినప్పుడు ఏమొచ్చింది?

మంగళగిరి మగ్గం:
35 లక్షల కణాలు చూశారమ్మా. ఒక్కటీ దొరకలేదు.