తన్నోడి నన్నోడెనా, నన్నొడ్డెనా?

దేవరకొండ:
నాలుగు రోజులుగా ఒక ముక్క బుర్రలో తిరుగుతోంది. చిన్నప్పుడు మా ఊళ్లో బొడ్రాయి దగ్గర బాగోతం ఆడేవాళ్లు. ద్రౌపది వేషం కట్టినాయనది బొంగురు గొంతు. పెట్రోమాక్స్ లైటు కింద ఒక చెయ్యి నడుము మీద పెట్టి, "తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా, పోయి అడిగి రా పో" అని దుర్యోధనుడు పంపిన ప్రాతికామిని ధర్మరాజు దగ్గరికి తరిమేవాడు. పిల్లలం 'తన్నోడు' అంటే తన్నేటోడు అనుకుని నవ్వేవాళ్లం. మొన్న మా అబ్బాయికి చెబుతుంటే "నన్నొడ్డెనా" అని నోటికొచ్చింది. ఇంతకీ 'ఓడి'యా, పందెం పెట్టడమనే 'ఒడ్డి'యా? తెలిసినవాళ్లు చెప్పండి.

వనపర్తి మాస్టారు:
ఛందస్సును అడిగి లాభం లేదు. 'ఓడి' గురువు, లఘువు. 'ఒడ్డి' కూడా గురువు, లఘువే. ఏది పెట్టినా గణం చెడదు. వ్యాసుడు "కిం ను పూర్వం పరాజైషీః" అన్నాడు. పరాజయం అంటే ఓటమే కదా. కాబట్టి 'ఓడి'. అయిపోయింది.

గద్వాల వకీలు:
ఎక్కడ అయిపోయింది మాస్టారూ? ఓడడం జరిగిపోయిన సంగతి, ఒడ్డడం హక్కుకు సంబంధించిన సంగతి. ద్రౌపది అడిగింది రెండోదాని గురించే. ముందు తనను తాను పోగొట్టుకున్నవాడికి ఇంకొకరిని పందెంలో పెట్టే అధికారం ఎక్కడిది? భీష్ముడి జవాబు చూడండి: "అస్వో హ్యశక్తః పణితుం పరస్వం". పణితుం అంటే ఒడ్డడానికి. 'స్వం' లేనివాడు పరుల స్వాన్ని ఒడ్డలేడు. అంతవరకు బాగానే చెప్పి, ఆ వెంటనే ఆడవాళ్లు భర్త వశం కదా అని గోడ మీద పిల్లిలా కూర్చున్నాడు. నా ప్రతిలో 'అశ్వో' అని అచ్చయింది. గుర్రం పందెం కాయలేదట!

అచ్చంపేట:
వకీలు గారూ, 'అస్వ'ను 'ఆస్తి లేనివాడు' అని మాత్రమే తీసుకుంటే సగమే చెప్పినట్టు. అమరకోశం గుర్తుందిగా: "స్వో జ్ఞాతావాత్మని స్వం త్రిష్వాత్మీయే స్వోఽస్త్రియాం ధనే". చుట్టం, తాను, తనది, ధనం, నాలుగూ ఆ ఒక్క అక్షరమే. అంటే 'అస్వుడు' ఆస్తి పోయినవాడే కాదు, తానే పోయినవాడు. ఇంగ్లీషు వాళ్లు సెల్ఫ్ ఓనర్‌షిప్ అని రెండు మాటలు పెట్టుకున్నారు. మనకు 'స్వ' ఒక్కటి చాలు.

గద్వాల వకీలు:
అక్కడే మెలిక. ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో ప్రతి మనిషికీ తన దేహం తన సొత్తే అన్నాడు. సొత్తయితే అమ్ముకోవచ్చు, కుదువ పెట్టొచ్చు, ఒడ్డొచ్చు. కానీ ఎవడూ ఒప్పందం రాసి తనను తాను బానిస చేసుకోలేడనీ ఆయనే అన్నాడు. ఎందుకంటే ప్రాణం దేవుడిచ్చింది, తనది కానిదాన్ని వేరేవాడి చేతిలో పెట్టడం కుదరదు. ఆ లెక్కన ధర్మరాజు తన్ను ఒడ్డిన పందెమే చెల్లదు. ఇక ముందా, వెనకా అన్న ప్రశ్నే లేదు. 1974లో అమెరికా తత్త్వవేత్త రాబర్ట్ నోజిక్ మాత్రం, స్వేచ్ఛగల సమాజంలో మనిషి తనను తాను అమ్ముకోవచ్చు అనే దాకా పోయాడు. పాలమూరు కూలీలకు మేస్త్రి ఇచ్చే అడ్వాన్సు అప్పు చూసినవాడెవడూ అంత ధైర్యంగా రాయడు. మన 1976 వెట్టి నిర్మూలన చట్టం అయితే ఆ అప్పునే రద్దు చేసింది. ఒడ్డిన మనిషిని విడిపించడమే కాదు, పందేన్నే కొట్టేసింది.

దేవరకొండ:
సార్, నా ప్రశ్న 'డ్డ' గురించి.

నకిరేకల్:
నాదీ ఒక అక్షరం గొడవే అన్నా, ఇందులోనే అడుగుతా. మా నానమ్మ ఫోనెత్తితే హలో అనేది కాదు, "బాంచెన్" అనేది. పోస్టాఫీసులో కుర్రాడితో కూడా "బాంచెన్, పింఛన్ వడ్డదా బిడ్డా?" అనేది. బాంచ అంటే దాసి అని అందరికీ తెలుసు. నన్ను పట్టి పీడించేది చివరి 'న్'. అది 'నేను' కదా? 'కవిని', 'దాసుడను' లాగా. అంటే 'బాంచను నేను' అని. తన మీద తనకు ఏ హక్కూ లేదని చెప్పే మాటలో కూడా ఆమె 'నేను' అరక్షరంగా మిగిలి ఉంది.

అచ్చంపేట:
బాగుంది గానీ, అలాగైతే 'బాంచను' కావాలమ్మా. 'చె' ఎలా వచ్చింది? మగవాళ్లు కూడా 'బాంచెన్' అనేవాళ్లే కదా.

నకిరేకల్:
పలుకుబడిలో 'చ' 'చె' కాకూడదా సార్? మగవాళ్లు అన్నారంటే దొర ముందు ఆడామగా తేడా కూడా మిగల్లేదన్నమాట.

వనపర్తి మాస్టారు:
పోతన లేకుండా 'స్వ' మీద ఇంతసేపు మాట్లాడుతున్నారు, ఆశ్చర్యం. మన 'సొమ్ము' ఆ 'స్వం'కు తద్భవమే. "సొమ్ములు గొన్ని పుచ్చుకొని" అన్నప్పుడు ఆ చమత్కారం ఆయనకు తెలియకుండా ఉంటుందా? రాజు సొమ్ము తీసుకుంటే కవి స్వం పోతుంది. ఇది నా ఊహే, ఒప్పుకుంటాను. అసలైనది బలి పద్యం:

నీ తృతీయపదము నిజము నా శిరమున
నెలవు చేసి పెట్టు నిర్మలాత్మ!

భూమి పోయింది, ఆకాశం పోయింది, మూడో అడుగుకు మిగిలింది తల. ఆస్తి అంతా పోయినా ఆస్తిపరుడు మిగిలాడు. ఇప్పుడు 'నిజము' అంటే ఏమిటి?

అచ్చంపేట:
నిజంగా, తప్పకుండా అని. బొంకను అన్న మాట పైపాదాల్లోనే ఉందిగా.

వనపర్తి మాస్టారు:
అలా అంటారనే అడిగాను. మూలంలో "పదం తృతీయం కురు శీర్ష్ణి మే నిజమ్". అక్కడ నిజం అంటే 'నీదైన'. "నిజదార సుతోదర పోషణార్థమై"లో ఉన్న నిజం. సంస్కృతంలో 'తనది', తెలుగులో 'సత్యం'. పోతన రెండూ వినిపించేలా పెట్టాడు.

గద్వాల వకీలు:
పదం దేవుడిదైతే తల ఎవరిది మాస్టారూ? బలిదే అయితేనే దానం చెల్లుతుంది. అన్నీ దేవుడివే అంటే ఇచ్చిందేమీ లేదు. లాక్ ఇరుక్కున్నదీ ఇక్కడే. మనిషి దేవుడి చేతిపని, దేవుడి సొత్తు అంటాడు, మళ్లీ ఎవడి దేహం వాడి సొత్తు అంటాడు.

నకిరేకల్:
సొమ్ము మాట ఎత్తారు కాబట్టి, ఆ పద్యంలోని "మనుజేశ్వరాధములు" మా రాచకొండ సింగభూపాలుడే అని అందరూ అనేస్తారు. భాగవతాన్ని పాతిపెట్టించాడన్నది వట్టి కథ. ఆయన పండితుడు.

వనపర్తి మాస్టారు:
పండితుడైతే మాత్రం అధముడు కాకూడదా అమ్మా?

నకిరేకల్:
మీ పక్క సంస్థానాల రాజుల గురించి మేం అలా అంటే ఊరుకుంటారా సార్?

అచ్చంపేట:
రాచకొండకు వేరే పోస్టు పెట్టుకోండి. దేవరకొండ అన్నా, నా మాట విను. రెండూ ఉండాలి: "తన్నోడి నన్నొడ్డెనా, నన్నోడి తన్నొడ్డెనా". ముందు ఓటమి, తర్వాత పందెం. కథలో జరిగిన వరుసా అదే. తన్ను ఓడాకనే శకుని ఎగదోస్తే ఆమెను ఒడ్డాడు.

వనపర్తి మాస్టారు:
అర్థానికి బాగుంది. చెవికి బాగాలేదు. నాలుగు 'ఓడి'ల మోత పోయింది.

దేవరకొండ:
నాన్నకు ఫోన్ చేశాను. మాట ఏదో ఆయనకు గుర్తులేదు. వేషం కట్టినాయన మాత్రం గుర్తున్నాడు. ఊళ్లో ఒక పెద్దాసామి దగ్గర జీతం ఉండేవాడట. బాగోతం ఉన్న రాత్రి పశువులకు మేత వేసి, సెలవు అడుక్కుని, మొహానికి అర్దళం పూసుకునేవాడట. తెల్లారకముందే కొట్టంలో ఉండాలి.

గద్వాల వకీలు:
జీతం అంటే ఏడాది లెక్కనా, అప్పు కిందనా?

దేవరకొండ:
అడగలేదు సార్. రేపు అడుగుతా.